వెండి కుదురు: అమెరికన్ సేకరణల్లో ఐర్లండు

గుండ్రటి అడుగున్న కుండ నేలమీద నిలవదు. గడ్డితోనో గుడ్డతోనో కుదురు చుట్టి దానిమీద కుండను నిలబెట్టడం తెలుగు వంటిళ్ళకు తరతరాలుగా తెలిసిన పని. పద్దెనిమిదవ శతాబ్దపు డబ్లిన్ నగరంలో సంపన్నుల భోజనాల బల్లమీద దాదాపు ఇదే పని చేసిన వస్తువు ఒకటి వెండితో తయారయింది. దాన్ని డిష్ రింగ్ అంటారు. పైనా కిందా వెడల్పుగా, నడుమ సన్నగా, దారపుకండె ఆకారంలో ఉండే వలయం అది. జానెడు వెడల్పు, అందులో సగం ఎత్తు. వేడి గిన్నె సెగ నేరుగా తగిలి నునుపైన మహాగని బల్ల పాడవకుండా ఆ గిన్నెను ఎత్తి పట్టుకోవడం దాని ప్రయోజనం. ప్రయోజనం ఇంత చిన్నదైనా పనితనం చిన్నది కాదు. పలుచటి వెండిరేకును జాలీగా కోసి, పక్షులు, పూలు, పళ్ళు, పశువుల కాపరులు, చీనా భవనాలు అందులో నగిషీగా తీర్చారు. సుమారు 1740 నుండి ఆ శతాబ్దం చివరిదాకా డబ్లిన్ పనివారు వీటిని విరివిగా చేశారు. ఇంగ్లండులో ఈ ఆకారం అంతగా నిలవలేదు. అందువల్ల ఐరిష్ వెండి అనగానే సేకర్తల మనసులో మొదట మెదిలేది ఈ వస్తువే.

తరువాతి కాలంలో దీనికి పొటాటో రింగ్ అనే మరో పేరు వచ్చింది. ఉడికించిన బంగాళాదుంపల గిన్నెను దీనిమీద పెట్టేవారని ఆ పేరు వెనుక కథ. తయారైన కాలంలో దీన్ని డిష్ రింగ్ అనే పిలిచారు. దుంపల పేరు పందొమ్మిదవ శతాబ్దంలో, పాత వస్తువుల మీద మమకారం పెరిగాక అంటుకున్నది. 1845లో మొదలైన మహా క్షామంలో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి పది లక్షల మంది మరణించారు, అంతకు తగ్గని సంఖ్యలో దేశం విడిచిపోయారు. బంగాళాదుంప తప్ప మరో తిండికి నోచుకోనివారు ఈ వలయాన్ని కంటితో చూసి ఉండే అవకాశం తక్కువ. ఈ వలయాలు నిలిచిన బల్లల చుట్టూ కూర్చున్నవారు కేవలం దుంపల మీద బతికినవారు కారు. ఈ రెండు జీవితాలనూ ఒకే పేరులో కలిపేసిన ఆ మాట నేటికీ వేలం జాబితాల్లో, దుకాణాల్లో వినబడుతుంది.

ఐరిష్ వెండికి నేడు ఐర్లండు బయట ఉన్న ముఖ్యమైన నెలవుల్లో అమెరికా ఒకటి. అక్కడి మ్యూజియములు, సొంత సేకర్తలు నూరేళ్ళకు పైగా దీన్ని కూడబెట్టారు. ఈ సేకరణల్లో "ఐరిష్" అనే విశేషణం ఏ ఆధారం మీద నిలబడింది? తయారుచేసిన చేతి మీదనా, వాడుకున్న బల్ల మీదనా, ప్రభుత్వం కొట్టిన ముద్ర మీదనా? ఈ మూడూ ఒకటి కావు. వాటిని ఒకటిగా చదవడంలోనే అమెరికన్ సేకరణ చరిత్రకు చెందిన బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి.

ముద్రలు చెప్పేది

ఐరిష్ వెండిని గుర్తుపట్టడం ముద్రలతో మొదలవుతుంది. డబ్లిన్ స్వర్ణకారుల సంఘానికి 1637లో మొదటి చార్లెస్ రాజు అధికారపత్రం ఇచ్చాడు. అప్పటినుండి వెండి వన్నె పరీక్షించి ముద్ర వేసే హక్కు ఆ సంఘానిది. వెయ్యిలో 925 పాళ్ళు శుద్ధ వెండి ఉండాలన్నది నియమం. నేటి నగల దుకాణంలో 916 అంకె చూసి బంగారం కొనేవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. డబ్లిన్ వస్తువు అడుగున సాధారణంగా కిరీటం కింద వీణ ఉంటుంది. అది వన్నె గుర్తు. ఏటేటా మారే అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. తయారీదారు పేరులోని పొడి అక్షరాలు మూడవ ముద్ర. ఇంగ్లండులో 1697 నుండి 1720 దాకా వెండి వన్నెను 958కి పెంచినప్పుడు కూడా డబ్లిన్ 925నే పాటించింది. ఆ ఇరవై మూడేళ్ళ కాలపు ఐరిష్ వెండి లండన్ వెండికంటే కాస్త గట్టిదనే మాట అందువల్ల వచ్చింది.

నాలుగవ ముద్ర కథ వేరు. 1730లో ఐరిష్ పార్లమెంటు వెండి మీద ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం విధించింది. సుంకం చెల్లించినట్టు రుజువుగా కొట్టిన ముద్ర హైబర్నియా, అంటే కూర్చున్న స్త్రీ రూపంలో ఐర్లండు దేశమూర్తి. 1807లో సుంకపు గుర్తుగా రాజు తల వచ్చి చేరాక కూడా హైబర్నియా తొలగలేదు. డబ్లిన్ పరీక్షశాల గుర్తుగా కొనసాగింది. 1890లో సుంకం రద్దయింది గాని హైబర్నియా మిగిలింది. అమెరికాలో ఐరిష్ వెండి కొనేవారు మొదట వెతికే గుర్తు ఇదే. దేశమాత బొమ్మ కనబడితే అది తమ పూర్వీకుల దేశపు వస్తువని నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు లేదు, కాని ఆ బొమ్మ పుట్టింది దేశభక్తిలో కాదు, పన్ను రశీదుగా. హైబర్నియా ముద్ర చెప్పేది ఇంతే: ఈ వస్తువు ఫలానా చట్టం అమలులో ఉన్న చోట పరీక్షకు వచ్చింది, దాని మీద బాకీ తీరింది.

బాకీ తీర్చడానికి అందరూ ఇష్టపడలేదు. డబ్లిన్‌కు దూరంగా ఉన్న కార్క్, లిమరిక్ నగరాల్లో పరీక్షశాల లేదు. చట్టప్రకారం ప్రతి వస్తువునూ డబ్లిన్‌కు పంపాలి. ప్రయాణపు ఖర్చు, దారిదొంగల భయం, పని ఆలస్యం కారణంగా అక్కడి పనివారిలో చాలామంది పంపలేదు. తమ పేరు ముద్ర పక్కన స్టెర్లింగ్ అనే మాటను తామే కొట్టుకున్నారు. కొన్నిటిమీద అక్షరదోషాలతో స్టార్లింగ్ అని కూడా కనబడుతుంది. రాజముద్ర లేదు, సంవత్సరాక్షరం లేదు, సుంకపు గుర్తూ లేదు. ఉన్నది పనివాడి మాట ఒక్కటే. సేకర్తల లోకంలో నేడు ఈ ప్రాంతీయ వెండికి డబ్లిన్ వెండికంటే ఎక్కువ గిరాకీ. అరుదు కావడం దానికి మొదటి కారణం. అమెరికన్ కొనుగోలుదారుకు మరో కారణం కూడా ఉండవచ్చు. బాల్టిమోరులో కొద్దికాలం నడిచిన పరీక్షశాలను మినహాయిస్తే అమెరికాలో ప్రభుత్వం ముద్రవేసే పద్ధతి ఎన్నడూ స్థిరపడలేదు. స్టెర్లింగ్ అన్న ఒక్క మాట నమ్మి వెండి కొనడం ఆ దేశంలో అలవాటు. కార్క్ చెంచా అడుగున అదే మాట కనబడినప్పుడు అది పరాయి లిపిలా ఉండదు.

బల్ల ఎవరిది, చేయి ఎవరిది

ముద్ర తరువాత చూడవలసింది వంశచిహ్నం. పళ్ళేల అంచున, పాత్రల పొట్టమీద యజమాని కుటుంబపు చిహ్నం చెక్కించడం ఆనాటి మర్యాద. తెలుగు ఇళ్ళలో కంచాలమీదా బిందెలమీదా పేర్లు వేయించినట్టే అనిపించినా, ఇక్కడ చెక్కినది ఇంటిపేరే కాదు, అధికారం కూడా. పదిహేడవ శతాబ్దపు యుద్ధాల తరువాత ఐర్లండు భూమిలో అత్యధిక భాగం ప్రొటెస్టెంట్ భూస్వాముల చేతికి వెళ్ళింది. 1690లో బాయిన్ నది ఒడ్డున మూడవ విలియం గెలుపు ఆ మార్పును ఖాయం చేసింది. ఆపైన వచ్చిన శిక్షాచట్టాలు కాథలిక్కుల భూమిహక్కునూ, చదువునూ, పదవులనూ కట్టడి చేశాయి. వెండి బల్లకు కావలసిన డబ్బు ప్రధానంగా కౌలు నుండి వచ్చింది. ఆ కౌలు కట్టినవారిలో అత్యధికులు కాథలిక్ రైతులు. క్షామకాలంలో ఓడలెక్కి బోస్టన్, న్యూయార్క్ చేరినవారు ఆ రైతుల మనుమలు, మునిమనుమలు.

ఈ బల్లలమీద ఉన్న వెండి అంతా ఐరిష్ వెండి కూడా కాదు. కిల్డేర్ ప్రభువు జేమ్స్ ఫిట్జెరాల్డ్, తరువాతి కాలపు లీన్‌స్టర్ డ్యూక్, ఐర్లండులో అగ్రశ్రేణి కుటుంబానికి పెద్ద. 1740లలో తన భోజనశాలకు వెండి సామగ్రి మొత్తం కావలసినప్పుడు ఆయన డబ్లిన్ పనివారిని కాదని లండన్‌లోని జార్జ్ విక్స్‌కు పని అప్పగించాడు. లీన్‌స్టర్ డిన్నర్ సర్వీసుగా ప్రసిద్ధమైన ఆ సామగ్రి ఐరిష్ ప్రభువుది, ఐర్లండు కౌలుడబ్బుతో పోషించిన ఇంటిది, కాని ముద్రల లెక్కలో అది ఇంగ్లీషు వెండి. దానికి భిన్నంగా, ఓ మోస్తరు డబ్లిన్ న్యాయవాది ఇంటికి చేసిన చక్కెర గిన్నె నిస్సందేహంగా ఐరిష్ వెండి అవుతుంది. బల్లను బట్టి విశేషణాన్ని నిర్ణయించలేమని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక చేయి సంగతి. డబ్లిన్ స్వర్ణకారుల సంఘంలో పూర్తి సభ్యత్వం ప్రొటెస్టెంట్లకే పరిమితం. కాథలిక్కులు మూడునెలలకొకసారి రుసుము కట్టి క్వార్టర్ బ్రదర్స్ అనే రెండవ తరగతిలో పనిచేసుకోవచ్చు. సంఘంలో ఓటు ఉండదు. ఫ్రాన్సు నుండి మతహింస తప్పించుకుని వచ్చిన హ్యూగెనో పనివారూ డబ్లిన్‌లో స్థిరపడ్డారు. యజమాని పేరుతో ముద్రపడిన పాత్రను నిజంగా సాగగొట్టినవాడు, జాలీ కోసినవాడు, నగిషీ దిద్దినవాడు వేర్వేరు మనుషులు కావడం సాధారణం. వారి పేర్లు పాత్రమీద ఉండవు. రాబర్ట్ కాల్డర్‌వుడ్ వంటి ప్రసిద్ధ డబ్లిన్ కార్ఖానా ముద్రను చూసి "కాల్డర్‌వుడ్ చేసిన పాత్ర" అనడం ఒక సౌలభ్యం మాత్రమే. ఆ ముద్ర నిజానికి బాధ్యత ఎవరిదో చెబుతుంది, శ్రమ ఎవరిదో చెప్పదు. అలిసన్ ఫిట్జెరాల్డ్ జార్జియన్ డబ్లిన్ వెండిమీద రాసిన పుస్తకం తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని మూడు వేరు విషయాలుగా పరిశీలించడం ఈ కారణంగానే విలువైనది.

స్త్రీల విషయంలో ముద్ర కొంత ఎక్కువే చెబుతుంది. కార్క్ నగరంలో కార్డెన్ టెర్రీ అనే పనివాడి కుమార్తె జేన్ విలియమ్స్ భర్త మరణించాక, పందొమ్మిదవ శతాబ్దం తొలి సంవత్సరాల్లో తండ్రితో కలిసి కార్ఖానా నడిపింది. ఇద్దరి పొడి అక్షరాలూ కలిసిన ముద్రతో వస్తువులు వెలువడ్డాయి. వాషింగ్టన్‌లో 1987లో తెరిచిన నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్ బ్రిటిష్, ఐరిష్ స్త్రీల ముద్రలున్న వెండిని ప్రత్యేకంగా సేకరించింది. సేకరణకు ప్రాతిపదికను దేశం నుండి పనివారి వైపు తిప్పితే అదే లోహం వేరే చరిత్రను చెప్పగలదనడానికి ఇది మంచి నిదర్శనం.

అట్లాంటిక్ దాటిన తీరు

ఈ వెండి అమెరికా చేరడానికి ముందు దాని యజమానుల బలం సడలింది. 1801లో ఐర్లండు బ్రిటన్‌తో విలీనమై డబ్లిన్ పార్లమెంటు మూతపడింది. ప్రభువర్గం లండన్‌కు మళ్ళింది. క్షామంతో కౌలు ఆదాయం కుప్పకూలాక 1849 చట్టంతో అప్పుల పాలైన ఎస్టేటులు అమ్మకానికి వచ్చాయి. 1903 నాటి విండమ్ భూచట్టం కౌలుదార్లు భూమిని కొనుక్కునే వీలు పెద్దఎత్తున కల్పించింది. స్వాతంత్ర్య పోరాటం, అంతర్యుద్ధం సాగిన 1919–1923 మధ్య రెండు వందలకు పైగా పెద్ద భవనాలు తగలబడ్డాయి. ఈ వరుసలో ప్రతి దశలోనూ బీరువాల్లోని వెండి లండన్ వర్తకుల దగ్గరికి నడిచింది. అదే కాలంలో అమెరికాలో కొత్త సంపద కొనడానికి సిద్ధంగా ఉంది.

ఆ కొనుగోలుకు అమెరికా సుంకపు చట్టమే ఒక రూపం ఇచ్చింది. 1909 నాటి పేన్–ఆల్డ్రిచ్ చట్టం నూరేళ్ళు దాటిన పురావస్తువులను సుంకం లేకుండా రానిచ్చింది. 1930 చట్టం ఆ గడువును ఒక తేదీగా బిగించింది: 1830కి ముందు తయారైనదే పురావస్తువు. 1966 దాకా ఈ గీత అలాగే ఉంది. ఆ తరువాత తిరిగి నూరేళ్ళ లెక్క వచ్చింది. నాలుగవ జార్జి రాజు మరణించినదీ 1830లోనే. అంటే సుంకపు అధికారి దృష్టిలో పాతదనం ముగిసే సంవత్సరమూ, సేకర్త దృష్టిలో జార్జియన్ శైలి ముగిసే సంవత్సరమూ ఒకటయ్యాయి. మూడున్నర దశాబ్దాల పాటు అమెరికన్ సేకర్తకు జార్జియన్ వెండి కొనడం అభిరుచికీ అనుకూలం, ఖర్చుకూ అనుకూలం. క్షామం నాటి ఐర్లండు, ఆ తరువాతి ఐర్లండు రెండు లెక్కల్లోనూ గీతకు అవతల పడ్డాయి.

తొలి సేకర్తల్లో చాలామందికి ఐర్లండు ప్రత్యేక లక్ష్యం కాదు. కుట్టుమిషన్ల సంస్థ సింగర్ నుండి వచ్చిన సంపదకు వారసుడైన రాబర్ట్ స్టెర్లింగ్ క్లార్క్ ఇరవయ్యవ శతాబ్దం తొలి సగంలో చిత్రాలతో పాటు వెండినీ విరివిగా కొన్నాడు. ఆయన, భార్య ఫ్రాన్సీన్ కలిసి మసాచుసెట్స్‌లోని విలియమ్స్‌టౌన్‌లో నెలకొల్పిన మ్యూజియం 1955లో తెరుచుకుంది. అక్కడి వెండిమీద బెత్ కార్వర్ వీస్ 1997లో వెలువరించిన బృహత్ సూచిక పేరులోనే ఇంగ్లీషు, ఐరిష్, స్కాటిష్ అనే మూడు విశేషణాలు ఉన్నాయి. అంతకుముందు తరాల గ్రంథాలకు ఈ జాగ్రత్త లేదు. చార్ల్స్ జేమ్స్ జాక్సన్ 1905లో ప్రచురించిన ముద్రల మహాగ్రంథం ఐరిష్ ముద్రలకు పెద్ద చోటే ఇచ్చింది గాని, పేరుకు మాత్రం అది ఇంగ్లీషు స్వర్ణకారుల పుస్తకం. అమెరికన్ భోజనశాలల్లో "ఇంగ్లీషు వెండి"గా పరిచయమైన వస్తువుల్లో డబ్లిన్ పాత్రలూ కలిసిపోయి ఉండేవి. వాటిని విడదీసి ఐరిష్ అని పిలవడం ఈ నేపథ్యంలో ఒక దిద్దుబాటు. టెక్సస్‌లోని సాన్ ఆంటోనియో మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు చేరిన జాన్ వి. రోవన్ జూనియర్ సేకరణ వంటివి ఐరిష్ వెండినే ప్రత్యేక విషయంగా తీసుకుని ఆ దిద్దుబాటును స్థిరపరిచాయి.

ఐరిష్ అమెరికన్ సామాన్య ప్రజలకు "ఐరిష్ లోహపు పని" పరిచయమైన దారి ఇది కాదు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో డబ్లిన్ స్వర్ణకారుడు ఎడ్మండ్ జాన్సన్ ప్రాచీన ఐరిష్ పాత్రలకు, ఆభరణాలకు చేసిన ప్రతిరూపాలు చూపించారు. వలస వచ్చినవారి సంతానం తమదిగా చెప్పుకున్నది ఆ కెల్టిక్ కాలాన్నే: భూస్వాములూ లేరు, లండనూ లేదు. విచిత్రమేమంటే అక్కడ చూపినవి నకళ్ళు, గర్వం మాత్రం అసలైనది. జార్జియన్ వెండి విషయంలో వస్తువు అసలైనది, దానితో బంధుత్వం మాత్రం తేల్చుకోవలసినది.

షికాగో, 2015

ఈ ప్రశ్నను అమెరికాలో అతిపెద్ద వేదికమీదికి తెచ్చిన ఘటన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో 2015లో ఏర్పాటు చేసిన ప్రదర్శన. 1690 నుండి 1840 దాకా ఐర్లండును కళకూ రూపకల్పనకూ నాలుగుదారుల కూడలిగా చూపడం దాని ఉద్దేశం. క్రిస్టఫర్ మంక్‌హౌస్ ఆధ్వర్యంలో మూడు వందలకు పైగా వస్తువులను ఉత్తర అమెరికాలోని మ్యూజియములు, సొంత సేకరణల నుండి సమకూర్చారు. సెయింట్ పాట్రిక్ పండుగనాడు, మార్చి 17న తలుపులు తెరిచారు. చిత్రాలు, కుర్చీలు, పుస్తకాల అట్టలు, గాజు, నేత, వీణలతో పాటు వెండికి తగిన చోటు దొరికింది.

ప్రదర్శన సాధించినది చిన్న విషయం కాదు. అమెరికాలో ఐర్లండు పేరు చెబితే కవులు, కథకులు, వలసకూలీలు గుర్తుకు వస్తారు. చేతిపని దేశంగా దాన్ని తలుచుకునేవారు తక్కువ. ఒక వెండి పాత్రను అదే కాలపు వీణ పక్కన, అదే నగరపు పుస్తకపు అట్ట పక్కన చూసినప్పుడు, ఆ పనితనాలు ఒకదానినుండి ఒకటి నేర్చుకున్నాయని చూపరికి బోధపడుతుంది. వెండిని ఒంటరిగా అద్దాల బీరువాలో వరుసలుగా పేర్చే పాత పద్ధతిలో ఇది సాధ్యం కాదు. వస్తువులన్నీ ఉత్తర అమెరికానుండే తేవాలన్న నియమం మరో సత్యాన్ని బయటపెట్టింది. నూటయాభై ఏళ్ళ ఐరిష్ జీవితాన్ని ఐర్లండు నుండి ఒక్క వస్తువూ అరువు తేకుండా చూపగలిగేటంతగా ఆ దేశపు సంపద చెదిరిపోయింది.

అయితే కూడలి అనే ఉపమానం దగ్గర ఆగి ఆలోచించాలి. కూడలిలో మనుషులు తమ ఇష్టంతో వచ్చిపోతారు. హ్యూగెనో పనివాడు తరిమివేతతో వచ్చాడు. లండన్‌లో పెరిగిన ప్రభువు ఆస్తిహక్కుతో వచ్చాడు. కాథలిక్ రైతుకు ఆ దారిలో నడిచే వీలు ఓడ ఎక్కే రోజున గాని రాలేదు. కాలపరిమితి కూడా అలాంటిదే. 1690 బాయిన్ యుద్ధపు సంవత్సరం, 1840 క్షామానికి ఐదేళ్ళ ముందు. ప్రభువర్గపు విజయంతో మొదలై, ఆ విజయానికి ప్రజలు చెల్లించిన మూల్యం బయటపడకముందే ముగిసే అధ్యాయం అది. నిర్వాహకులు దేనినో దాచారని దీని అర్థం కాదు. సేకరణల్లో ఉన్నదే ప్రదర్శనలో ఉంటుంది, సేకరణల్లో ఉన్నది 1909 నుండీ సుంకమూ అభిరుచీ కలిసి ఎంచినది. సేకర్తలు గీసుకున్న గీతకు పదేళ్ళు అటూ ఇటూగా చరిత్ర గీత కూడా పడింది. సేకరణలమీద కట్టిన ప్రదర్శన సేకర్తల ఎంపికను కూడా తన విషయంగా తీసుకుంటే తప్ప ఈ చిక్కు విడదు.

దీనికి ప్రతిగా మరో వాదం వినబడుతుంది. ఇది భూస్వాముల వెండి, వలసదారుల సంతానానికి దీనితో సంబంధం లేదు, గర్వించడం ఆత్మవంచన అని. ఈ వాదం బల్లను చూసి చేతిని మరిచిపోతుంది. డిష్ రింగ్‌లో జాలీ కోసిన పనివాడు, ఓటు లేకుండా సంఘానికి రుసుము కట్టిన క్వార్టర్ బ్రదర్, రాజముద్ర లేకుండా తన మాటే పూచీగా కొట్టిన కార్క్ కార్ఖానా మనిషి భూస్వాములు కారు. విందులో కూర్చున్నవాడి వారసత్వం ఒకటి, విందు బల్లను తీర్చినవాడి వారసత్వం మరొకటి. రెండవదానిమీద వలసదారుల సంతానానికి హక్కు ఉంది. ఆ హక్కును రుజువు చేయగలిగేది హైబర్నియా బొమ్మ కాదు, ఆ పని.

అడుగుభాగం చదవడం

మంచి సేకర్త వెండి పాత్రను బోర్లించి చూడడంతో మొదలుపెడతాడు. ముద్రలు ఒక ఎత్తు. వాటి పక్కన సన్నని గీతలతో ఔన్సులూ పెన్నీవెయిట్లూ గీసి ఉండడం కద్దు. తయారైనప్పటి తూకం అది. ఉదాహరణకు పదిహేను ఔన్సులని గీసి ఉన్న వలయం సుమారు 466 గ్రాములు, పాత లెక్కలో నలభై తులాలు తూగాలి. ఇప్పటి తూకం కొద్దిగా తగ్గితే అది ఏళ్ళ తరబడి తోమిన అరుగుదల. బాగా తగ్గితే ఏదో కోసివేశారు. పెరిగితే ఏదో అతికించారు. రెండు వందల ఏళ్ళ తరువాత కూడా సాక్ష్యం చెప్పేది ఆ గీతలే.

వంశచిహ్నం మరో సాక్షి. కొత్త యజమాని పాత చిహ్నాన్ని అరగదీయించి తనది చెక్కించుకోవడం మామూలే. అలా చేసినచోట రేకు పలుచబడుతుంది. వేలితో నొక్కితే తెలుస్తుంది, నోటి ఆవిరి ఊదితే పాత గీతల నీడ ఒక్కోసారి తేలుతుంది. సాదాగా ఉన్న జార్జియన్ పాత్రలమీద విక్టోరియా రాణి కాలంలో నగిషీ అద్ది "మెరుగుపరచిన" సందర్భాలూ ఎన్నో. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో డిష్ రింగ్‌కు మళ్ళీ గిరాకీ వచ్చి కొత్తవి విరివిగా తయారయ్యాయి. నీలిగాజు గిన్నె లోపల అమర్చి వాటిని పూలకుండీలుగా వాడారు. అవి మోసం కావు, సంవత్సరాక్షరం తమ వయసును చెబుతూనే ఉంటుంది. చదవనివాడికే అవి పద్దెనిమిదవ శతాబ్దపువి.

సేకరణలో బజారు ఈ సాక్ష్యాలను లోపాలుగా లెక్కిస్తుంది. చెరిపిన చిహ్నం ధర తగ్గిస్తుంది, చెక్కుచెదరని చిహ్నం పెంచుతుంది. చరిత్రకు ఈ లెక్క తిరగబడాలి. చెరిపిన చిహ్నం ఒక ఎస్టేటు చేతులు మారిన సంగతి చెప్పవచ్చు, ఆ వెండి అమెరికాకు నడిచిన దారిలో ఒక మజిలీ కావచ్చు. మ్యూజియం చీటీ మీద తయారీదారు, సంవత్సరం, దాత పేరు ఉంటాయి. తూకంలో తేడా, చెరిపిన గుర్తు, మధ్యలో చేతులు మారిన తీరు కూడా అక్కడ చేరితే డిష్ రింగ్ చూడడానికి వచ్చిన క్షామపు వలసదారుల మునిమనుమరాలికి తన కథ ఎక్కడ మొదలయిందో తెలుస్తుంది.

డిష్ రింగ్‌నూ మట్టికుండ కుదురునూ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుగు సమాజానికి ఈ చరిత్ర పరాయిది కాదని తెలుస్తుంది. తెలుగు ఇళ్ళలో పాత వెండి చాలావరకు మిగలలేదు. తరుగు తీసి, మజూరీ కట్టి, పాత కంచం ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం లోహానికి విలువ ఇచ్చే పద్ధతి. పనికి ఇచ్చేది కాదు. ఐర్లండులోనూ మోజు మారినప్పుడల్లా పాత వెండి కరిగిపోయింది. మిగిలినది ముద్ర ఉండడం వల్ల చదవడానికి వీలైంది. కంచం అడుగున అత్తింటి పేరో పుట్టింటి పేరో దొరుకుతుంది గాని దాన్ని కొట్టిన కంసాలి పేరు సాధారణంగా దొరకదు. కరీంనగర్ వెండితీగ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది; అది ఊరిని గుర్తుపెట్టుకుంటుంది, మనిషిని కాదు. విదేశంలో స్థిరపడిన కుటుంబం పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న వెండి గ్లాసు, కుంకుమభరిణె మరో రెండు తరాలకు పురావస్తువులవుతాయి. వాటిని ఎవరు, ఏ ఊళ్ళో, ఎన్ని తులాలతో, ఎవరి పెళ్ళికి చేశారో తెలిసినవారు ఇంకా బతికి ఉండగానే ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే ఉంచడం, ఐరిష్ వెండి చరిత్ర నుండి నేర్చుకోదగిన పనుల్లో అన్నిటికంటే తేలికైనది.